నూకల కూలి

అయినా తప్పంతా ఈ చేతులదే, తనది కాదు. రోకలి ఎత్తుతూ వీరాయమ్మ అలా తేల్చుకుంది. కడుపు ఒకటి చెబుతుంది, చేతులు ఇంకొకటి చేస్తాయి. ఒకే ఒంట్లో ఉంటూ ఇంత పొత్తు లేకపోతే ఎలా?

అప్పాయమ్మగారి పెరట్లో వడ్లు దంపితే కూలి నూకలే. నిండు గింజ ఇంటివాళ్ళది, విరిగింది దంపినవాళ్ళది. ఊళ్ళో ఎప్పటినుంచో అదే కట్టుబాటు. వీరాయమ్మ దంపితే గింజ విరగదు. నూక కనిపిస్తే అత్త తొడపాశం పెట్టేది. ఆ అత్త పోయింది. ధవళేశ్వరం ఆనకట్టకి రాళ్ళు మొయ్యడానికి వెళ్ళిన మొగుడు, పని అయిపోయాక అటునుంచి అటే కోరంగిలో ఓడెక్కి బర్మాలో రంగం పోయాడు, మూడేళ్ళయింది. తొడపాశం భయం మాత్రం ఎక్కడికీ పోకుండా చేతుల్లో కాపురం పెట్టింది.

పక్క రోటి దగ్గర పోలమ్మ పామును కొడుతున్నట్టు దంపుతోంది. ఆమె ఒడి రోజూ నిండుతుంది.

"కాస్త కసిగా వెయ్యి వదినా," అంది పోలమ్మ గొంతు తగ్గించి. "మా అన్నయ్యని తలుచుకో."

తలుచుకుంది. వెళ్ళేరోజు వీధి మలుపులో వెనక్కి తిరిగి నవ్విన మొగుడి మొహం కనబడింది. రోకలి ఇంకా మెత్తగా దిగింది. లాభం లేదని అత్తను తలుచుకుంటే, చేతులు మరీ ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాయి. చివరికి పిల్లలు గుర్తొచ్చారు. నిన్న జావలో నూకలు వెతుక్కుని, దొరికినవి ఒకళ్ళకొకళ్ళు చూపించుకున్నారు. తనకి నాలుగు దొరికాయని చిన్నతల్లి గొప్పలు పోయింది. వీరాయమ్మ కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి ఒక్క పోటు వేసింది. కళ్ళు తెరిస్తే గింజలన్నీ చెక్కుచెదరకుండా ఆమెకేసి చూస్తున్నాయి.

చెరగడం అయ్యాక అప్పాయమ్మగారు వచ్చి చాటలో చెయ్యి పెట్టారు.

"ముత్యాలే వీరాయమ్మా. పోలమ్మ దంపితే సగం దాని ఒళ్ళోకే పోతాయి. రేపట్నుంచి మా వడ్లన్నీ నువ్వే దంపు."

"ఆయ్," అంది వీరాయమ్మ. పొగిడితే పొంగిపోవడం ఆమెకున్న ఇంకో దిక్కుమాలిన జబ్బు.

అప్పాయమ్మగారు నూకలు ఆమె కొంగులో పోశారు. పిడికెడు కూడా లేవు. "ఇంతేనేమే, పాపం?"

"బాగా దంపేనండి. అందుకండి."

అప్పాయమ్మగారు కాసేపు ఆలోచించారు. ఆ మాటలో ఆవిడకు తప్పేమీ దొరకలేదు. "అవును మరి," అన్నారు.

"ఆ మెచ్చుకోలు కూడా ఎసట్లో పోసుకో వదినా," అని గొణిగింది పోలమ్మ.

ఇప్పుడే అడగాలి. ఏమని? పని పాడుచెయ్యడం నాకు చేతకాలేదు, మన్నించండి అనా? నోరు కూడా చేతులతో జట్టుకట్టినట్టుంది, పెగల్లేదు. వీరాయమ్మ కొంగు ముడి వెయ్యబోయి ఆగింది. అప్పాయమ్మగారు చూస్తూండగానే చాట దగ్గర కూర్చుని, నిండు బియ్యం ఒక దోసెడు తీసి నూకలమీద పోసుకుంది.