ఘటం దిగని పూట

మిట్టమధ్యాహ్నం ఎండలో అమ్మవారి ఘటం నెత్తిన పెట్టుకుని వీధి మలుపు తిరిగేసరికి కూర్మమ్మకి మెడ నరాలు లాగేస్తున్నాయి. పసుపు నీళ్లు కారి కారి చీర ఒంటికి అతుక్కుపోయింది. గుడి నుంచి బయల్దేరిన ఘటం మళ్లీ గుడి చేరేదాకా నేల మీద దిగకూడదు. ఎత్తినవాళ్లు తమంతట తాము ఇస్తే తప్ప ఇంకొకరు అందుకోకూడదు. అత్తగారి కాలం నుంచీ ఆ మోత వాళ్లింటి ఆడవాళ్లదే.

పండగకి ఇంకా మూడు నెలలుంది. ఎల్లుండి పోలింగని అమ్మవారిని ముందే లేపారు. లేపినవాడు పంచాయతీ ప్రెసిడెంటు నరసింగరావు. ఆయన బావమరిది రెండుసార్లు పార్లమెంటుకి గెలిచాడు, ఒక్కసారీ ఈ ఊరి మొహం చూడలేదు. ఈసారి ఆ బావమరిది మీద ఇండిపెండెంటుగా, సైకిలు గుర్తుతో నిలబడ్డవాడు కూర్మమ్మ మొగుడు దాలయ్య. నెల్లిమర్ల జూట్ మిల్లులో రోజుకి మూడు రూపాయల కూలివాడికి ఢిల్లీ ఏమిటని మొదట్లో అందరూ నవ్వారు. దున్నేవాడికే భూమి కావాలంటూ అతను భోగాపురం దాకా సైకిలు తొక్కుతుంటే జనం నవ్వడం మానేశారు. నరసింగరావు నిద్రపోవడం మానేశాడు.

అందుకే ఈ ఊరేగింపు. ఇంటి ఆడవాళ్లు ఘటానికి పసుపు నీళ్ల మురాట పొయ్యాలి, మగవాళ్లు ఘటం మీద చెయ్యేసి బావమరిది బాబుగారికే ఓటని ప్రమాణం చెయ్యాలి. సారా తాగి మాట తప్పేవాళ్లున్నారు గాని, తల్లి మీద ఒట్టేసి తప్పేవాడు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు. పై వీధులన్నీ అలాగే పోయాయి. మిగిలింది మిల్లు కూలీల పేట. అదీ పోతే సొంత ఊళ్లో దాలయ్యకి ఓటే లేదు. వాళ్ల వేలితో వాళ్ల కన్నే పొడిపించడం నరసింగరావుకి సరదా.

పేటలో మొదటి ఇల్లు నారాయణమ్మది. ఆమె చెంబుతో వచ్చింది. వెనకాలే ఆమె మొగుడు, మిల్లులో దాలయ్యతో పాటు మగ్గం దగ్గర నిలబడేవాడు, తల వంచుకుని వచ్చి చెయ్యి చాచాడు.

కూర్మమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ చెయ్యి గాలిలో ఉండిపోయింది.

"ఏటే, ఆగిపోనావు?" అన్నాడు నరసింగరావు.

"తల్లికి మురాట గావాల బాబూ. ఓటు తల్లి అడగనేదు. మీరడగతన్నారు."

"ఘటం ఇచ్చీ. ఇంకోళ్లు మోస్తారు."

"నానియ్యను."

డప్పు ఆగిపోయింది. నరసింగరావు ఎత్తిన చెయ్యి సగంలోనే దిగిపోయింది. ఘటం మోసే మనిషి మీద చెయ్యి పడితే ఊరు ఊరుకోదు. కొబ్బరికాయ కొట్టి ఆ ఘటాన్ని ఎత్తించింది తనే.

"ఎంతసేపు నిలబడతావే?"

"మెడ ఇరిగిందాకా."

కూర్మమ్మకి భయం వేస్తోంది. రేపు ఈ ఊళ్లో తనకి గింజ పుడుతుందో లేదో తెలియదు.

నారాయణమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. చెంబెడు మురాట నీళ్లూ కూర్మమ్మ పాదాల మీద పోసి, మొగుడి వైపు తిరిగింది.

"ఆ సెయ్యి దించు మావా" అంది.

పక్కింటి గడపలోకి ఇంకో చెంబు వచ్చింది. కూర్మమ్మ అటు అడుగు వేసింది, డప్పు లేకుండానే.