గుద్దుకోవడానికి కట్టిన కార్లు

టీ గ్లాసులు కడుగుతున్నాను. హాల్లో మా ఆయన బంపర్ కార్ల కథ మొదలుపెట్టాడు. ఆడపడుచు కొత్తల్లుడు వచ్చాడు. చుట్టాల్లో ఆ కథ ఇంకా విననివాడు అతనొక్కడే.

"పెళ్లయిన కొత్తలో పాత పార్కుకి తీసుకెళ్లానయ్యా, ఇప్పుడది మూసేశారులే. మీ అత్తయ్యకో కారు, నాకో కారు. బెల్లు మోగిందో లేదో, కనపడినవాణ్ని కనపడినట్టు గుద్దేసింది. అప్పుడే ఒట్టేసుకున్నా, ఈవిడ చేతికి స్టీరింగ్ ఇవ్వకూడదని."

అల్లుడు నవ్వాడు. మా అత్తగారు ఎప్పట్లాగే అందుకున్నారు. "అసలే చెయ్యి దురుసు. ఈ ఇంట్లో ఒక్క గ్లాసు నిలవదు."

గుద్దాను, నిజమే. గుద్దుకోవడానికే కదా వాటి చుట్టూ అంత లావు రబ్బరు కట్టింది. రేకుల నేల, పైన ఇనప వల. కారు వెనక నిలబెట్టిన కడ్డీ ఆ వలకి రాసుకుని నిప్పురవ్వలు రాల్చేది. పెడల్ తొక్కాను, కదిలింది. నేను తిప్పిన వైపే వెళ్లింది. అప్పటిదాకా నా మాట విని కదిలిన వస్తువు ఇంకోటి లేదు. ఆ సంగతి నన్నెవరూ అడగలేదు. ఆటని పరీక్ష కింద జమకట్టి, ఇంటిల్లిపాదీ నన్ను ఫెయిల్ చేసి కూర్చున్నారు. స్కూటర్ నేర్చుకుంటానంటే బంపర్ కారు. కారు కొన్న రోజు తాళం అడిగితే బంపర్ కారు. బస్సు కోసం వానలో నిలబడి, తడిసి ఇంటికొస్తే, కారు షెడ్డులో పొడిగా ఉండేది. దాన్ని తుడిచేది మాత్రం నేనే. గుడ్డ పట్టుకుని స్టీరింగ్ ముట్టుకుంటే ఎవరికీ ప్రాణభయం లేదు.

ఈసారి సంగతి వేరు. నేను నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తాను. బయటి ఊళ్ల ట్యాంకుల నుంచి నమూనాలు తెచ్చే విభాగానికి నన్ను అధికారిగా వేస్తామన్నారు. వ్యాను నడపడం రావాలి, నేర్చుకోవడానికి గడువిస్తారు. కాదంటే ఆ కుర్చీ నా దగ్గర పని నేర్చుకున్నవాడికి పోతుంది. ఏ సంగతో సాయంత్రంలోగా చెప్పాలి. పొద్దున మా ఆయనతో అంటే పలకలేదు. జవాబు ఇప్పుడు అల్లుడికి చెప్తున్నాడు.

చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్లాను.

"మిగతాది కూడా చెప్పండి."

"మిగతాదేముంది?"

"మీ కారు సంగతి."

ఆయన టీవీ రిమోట్ అందుకున్నాడు. నేను అల్లుడి వైపు తిరిగాను. "వాటికి గేర్లుండవు బాబూ. స్టీరింగ్ ఒకే పక్కకి తిప్పుకుంటూ పోతే వెనక్కి నడుస్తాయి. మీ మావయ్య అలాగే తిప్పి తిప్పి మూలన ఇరుక్కున్నారు. పార్కువాడు వచ్చి, రబ్బరు మీద నిలబడి, ఒంటిచేత్తో తిప్పి బయటికి తెచ్చాడు. మళ్లీ ఆ మూలకే వెళ్లారు. ఆట అయ్యేదాకా అక్కడే ఉన్నారు."

అల్లుడు తల వంచుకుని సోఫా దిండు సవరించాడు. అత్తగారు కొడుకుని చూశారు. "నాకెప్పుడూ చెప్పలేదేంరా?"

"ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుని, కొత్తల్లుడి ముందు పరువు తీస్తావా?" అన్నాడు నాతో.

"వచ్చినవాళ్లందరి ముందూ నా పరువు తీశారు కదండీ. నేను టీలిచ్చి మరీ విన్నాను."

అక్కడే నిలబడి మా ల్యాబు పెద్దసారుకి ఫోన్ చేశాను. ఆ పని నేను చేస్తానని చెప్పాను.

"సంతోషం మేడం. ఇంట్లో అడిగారా?" అన్నారాయన.

"అడగలేదు సార్. వింటున్నారు."