ఇంటి ఓట్లు

ప్రపంచ పౌరులు పన్నెండు మందికి ఉప్మా చెయ్యాలంటే ఎంత రవ్వ పడుతుందో గౌరీశ్వరి చదివిన బి.ఏ.లో ఎక్కడా చెప్పలేదు. కిలోన్నర చాలునా, రెండు పొయ్యాలా అని ఆలోచిస్తుంటే ముందు వసారాలోంచి భర్త త్రినాథరావు గొంతు గంభీరంగా వినిపించింది. "పౌరుడంటే పన్ను కట్టేవాడు మాత్రమే కాదు. తన వీధి చివర మొదలుపెట్టి ప్రపంచం చివరిదాకా అంతా తన బాధ్యతే అనుకునేవాడు." వీధి చివరి కిరసనాయిలు క్యూలో ఏనాడూ నిలబడని మనిషి ప్రపంచం చివరిదాకా ఎంత సులువుగా వెళ్ళొస్తున్నాడో అనుకుని ఆమె రెండు కిలోలూ పోసేసింది.

త్రినాథరావు విశాఖపట్నంలో యూనివర్సిటీ లెక్చరర్. ప్రపంచ పౌరసత్వం మీద ఎం.ఏ. వాళ్ళకి ఒక పేపరు కష్టపడి పెట్టించుకున్నాడు. దానికి ప్రాక్టికల్సు కూడా ఉండాలని పట్టుదల. ఎనభై ఒకటిలో పంచాయతీ ఎన్నికలు రాగానే విద్యార్థుల్ని వెంటేసుకుని, పద్మనాభం దాటి నాలుగు మైళ్ళు లోపలికున్న తన సొంతూళ్ళో నాలుగు రోజుల క్యాంపు పెట్టాడు. జనానికి ఓటు విలువ చెప్పడం పని. "భోజనాలకి ఇబ్బంది లేదు, మా ఇల్లే," అని డిపార్టుమెంటులో అందరికీ చెప్పాడు. మా ఇల్లు అంటే గౌరీశ్వరి, ఆమె తోటికోడలు చిట్టెమ్మ.

చిట్టెమ్మ భర్త శ్రీరామ్మూర్తి త్రినాథరావుకి అన్న. ఆ ఎన్నికల్లో సర్పంచికి నిలబడ్డాడు. అది చూసి ఈ ఊరు ఎంచుకోలేదని త్రినాథరావు విద్యార్థులకి రెండుసార్లు చెప్పాడు. వాళ్ళు ఒక్కసారి కూడా అడగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం గౌరీశ్వరి వడ్డిస్తుంటే, గాజువాక నుంచి రెండు బస్సులు మారి క్లాసుకొచ్చే పైడితల్లి అనే అమ్మాయి ఓటర్ల జాబితా తిరగేస్తూ తలెత్తింది.

"మేడమ్, మీ పేరు ఇందులో ఉంది. ఓట్లు వచ్చినప్పుడల్లా ఇంత దూరం వచ్చి వేసి వెళ్తారా?"

గౌరీశ్వరి చేతిలో సాంబారు గరిటె ఆగింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆమె ఒక్కసారీ ఓటు వెయ్యలేదు. వేస్తున్నట్టు మాత్రం తెలుసు. ఎలా తెలుసంటే, ప్రతి ఎన్నికల తర్వాతా బావగారు టౌనుకొచ్చి, కాఫీ తాగి, "నీ ఓటు పడిపోయిందమ్మా, నువ్వేటీ బెంగెట్టుకోకు," అని చెప్పి వెళ్ళేవాడు. బెంగపెట్టుకోవాల్సిన విషయమని ఆమెకి అప్పుడే తెలిసేది.

"భోజనాల దగ్గర క్లాసు వద్దమ్మా," అన్నాడు త్రినాథరావు నవ్వుతూ. పైడితల్లి నవ్వలేదు. జాబితా మూసి విస్తరి వైపు చూస్తూ కూర్చుంది.

తర్వాత పెరట్లో భర్త చెయ్యి కడుక్కుంటున్నప్పుడు గౌరీశ్వరి తువ్వాలు అందిస్తూ అడిగింది. "మీ ఓటు టౌనుకి మార్పించుకున్నారు కదా, నాదెందుకు ఇక్కడుంది?"

"ఇద్దరిదీ మార్చేస్తే అన్నయ్య ఏమనుకుంటాడు? ఇంటికి పదకొండు ఓట్లని ఊళ్ళో ఒక లెక్క. వదిన చూసుకుంటుందిలే. ఎవరు వేస్తే ఏం, పడితే చాలు కదా."

ఇదే మాట ఇదే గొంతుతో ఆమె ఇంతకుముందు చాలాసార్లు విన్నది. పెళ్ళయిన కొత్తలో ఆయన వ్యాసం రాత్రీ పగలూ కూర్చుని సాపు రాసి, మధ్యలో రెండు పేరాలు తనే చేర్చినప్పుడు, "బాగుంది, అయినా పేరు ఎవరిదైతే ఏం," అన్నాడు. పక్క కాలేజీలో ట్యూటరు ఉద్యోగం వచ్చినప్పుడు, "ఇద్దరం పాఠాలు చెప్తే పొయ్యికి ఎవరు చెప్తారు," అని తన చమత్కారానికి తనే మురిసిపోయాడు. అత్తగారు బతికుండగా, "సదువుకున్న కోడలు గదా, పాలు పొంగకుండా సూత్తాదేమో అనుకున్నాను," అనేది. అవన్నీ చిన్న చిన్న మాటలే. కోపం తెచ్చుకుందామంటే ఒక్కటీ చేతికి ఆనదు. అన్నీ కలిపి మొయ్యాలంటే మాత్రం నడుం లాగేస్తుంది. ఈసారి ఆమె మోయలేదు. ఎల్లుండి ఓటు తనే వెయ్యాలని అక్కడే, తడి తువ్వాలు పట్టుకుని నిర్ణయించుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం విద్యార్థులతో పాటు త్రినాథరావు బస్సెక్కాడు. మర్నాడే పోలింగు. గౌరీశ్వరి మాత్రం గుండిగలూ డేగిసాలూ తోమి, ఎల్లుండి వస్తానంది. భార్య ఓటు కోసం ఉండిపోతానంటే వంద ప్రశ్నలు పుడతాయి గానీ, గిన్నెల కోసం ఉంటానంటే ఏ మొగుడూ ఒక్క ప్రశ్న వెయ్యడు.

నూతి పళ్ళెం దగ్గర తోటికోడళ్ళిద్దరూ బూడిదా చింతపండూ పెట్టి తోమడం మొదలుపెట్టారు. గౌరీశ్వరి డేగిసా లోపలికి తల పెట్టి, ఎటూ చూడకుండా అంది. "అక్కా, రేపు నా ఓటు నేను వేసుకుంటాను."

చిట్టెమ్మ చెయ్యి ఆగిపోయింది.

"బావగారు తిడతారనా? ఆయనకే వేస్తానేమో, ఎవరు చూశారు?"

"అది కాదు సెల్లీ." చిట్టెమ్మ వీధి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "నీ ఓటు పోతే నాకు ఓటు నేదు."

"నీ ఓటు నీకుంది కదా."

"అది మీ బావ సెప్పినోడికి ఏత్తాను. పొద్దున్నే ఎల్లి నా పేరు మీద ఏసేసి, ఇంటికొచ్చి సింతపండెట్టి సిరా తోమేసి, మజ్జానం కోక మార్సి నీ పేరు మీద ఎల్తాను. అక్కడ కూకునోళ్ళంతా మీ బావ మనుసులే, ఎవులూ అడగరు. నీది మాత్తరం నాకు నచ్చినోడికి ఏత్తాను. ఇన్నేళ్ళూ అంతే."

గౌరీశ్వరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నచ్చినోడంటే ఎవరు?"

"మీ బావకి ఏ గుర్తంటే ఒళ్ళు మండుద్దో ఆ గుర్తు. ఈసారైతే మీ బావ మీద నిలబడ్డాడు గదా, ఆ దాలయ్యకి. ఆడోళ్ళకి దొడ్డి కట్టిత్తానన్నాడు. సీకటి పడేదాకా ఉగ్గబట్టుకుని సచ్చిపోతన్నాం గదా."

"మరి ఆ పని నీ పేరు మీదే చెయ్యొచ్చు కదక్కా."

"తెలిసిపోద్ది. పెట్టి ఇప్పినపుడు ఎవులు ఎవులికేసినారో కాయితం మీద నంబరు సూసి సెప్పేత్తారంట. మీ బావే సెప్పినాడు. నీదైతే, తెలిసినా నిన్నంటారు గానీ నన్నేటంటారు? నువ్వు టౌన్లో ఉంటావు. నీకేటి భయం?"

పదకొండేళ్ళుగా ఎవరో లాక్కున్నారనుకున్న తన ఓటు తనకంటే ధైర్యంగా బతికిందన్న మాట. ఒక్క క్షణం దాన్ని అలాగే వదిలేద్దామా అనిపించింది గౌరీశ్వరికి. మూడు రోజులు పన్నెండు మంది బడి వసారాలో మగవాళ్ళని కూర్చోబెట్టి ప్రపంచ శాంతి దగ్గర్నుంచి ఓటు కాగితం మడత దాకా చెప్పారు. ఆడవాళ్ళని పిలవలేదని కాదు, పిలిచారు. ఆ వేళకి ఆడవాళ్ళు వంటల దగ్గరున్నారు.

ఆమె లేచి, చెయ్యి కడుక్కుని, లోపల్నుంచి కందిపప్పు డబ్బా తెచ్చింది. ఒక్క గింజ తీసి చిట్టెమ్మ అరచేతిలో పెట్టింది.

"ఇది నీ ఓటు. ఇందులో వెయ్యి."

చిట్టెమ్మ వేసింది. గౌరీశ్వరి మూత పెట్టి డబ్బా కుదిపి, తెరిచి చూపించింది. "ఇప్పుడు నీది ఏదో తియ్యి."

చిట్టెమ్మ డబ్బాలోకి వంగి చూసింది. పప్పులో వేళ్ళు పెట్టి కెలికింది. ఆమె నవ్వుతుందనుకుంది గౌరీశ్వరి.

"మరి నంబరు?"

"ఏ నంబరు కాగితం ఎవరికిచ్చారో రాసుకున్న రాతలు సీలు వేసి దాచేస్తారు. కోర్టు చెప్తే తప్ప ఎవరూ విప్పకూడదు. నేను చదువుకున్నానక్కా ఇది."

"మరి మీ బావ..."

చిట్టెమ్మ చేతి వేళ్ళకంటిన పప్పు పొడి చూసుకుంటూ కూర్చుంది. "పాతికేళ్ళు నమ్మినాను," అంది చివరికి. అని, మళ్ళీ గుండిగ లాక్కుని తోమడం మొదలుపెట్టింది, అడుగు ఊడొచ్చేట్టు.

పొద్దున్నే బడి దగ్గర ఆడవాళ్ళ వరసలో ఇద్దరూ ముందూ వెనకా నిలబడ్డారు. గౌరీశ్వరి తన పేరు తను చెప్పింది. గుమాస్తా తలెత్తి ఆమెనీ, వెనక చిట్టెమ్మనీ అయోమయంగా మార్చి మార్చి చూసి, ఓటు కాగితం చింపి ఇచ్చాడు. గోనెపట్టా చాటున ముద్ర గుద్దడానికి ఆమెకి పట్టింది అరనిమిషం. పదకొండేళ్ళకి అరనిమిషం.

చిట్టెమ్మ మాత్రం పట్టా వెనక్కి వెళ్ళి ఎంతకీ రాలేదు. వరసలో గొణుగుడు మొదలైంది. "ఏటమ్మా, లోన నిద్దరోతన్నావా?" అన్నాడు గుమాస్తా. అప్పుడొచ్చింది. కాగితం నాలుగు మడతలు పెట్టి, పెట్టెలో వేసి, కన్నంలోకి ఒకసారి తొంగి చూసి మరీ బయటికొచ్చింది.

రోడ్డు మీద పందిట్లో శ్రీరామ్మూర్తి దండాలు పెడుతూ నిలబడి ఉన్నాడు. చుట్టూ పదిమంది.

"ఏసినావా?" అన్నాడు.

"ఏసినాను."

"గుర్తు సరిగ్గా సూసుకున్నావా? నాకే గదా?" అని పక్కవాళ్ళ వైపు కన్ను గీటాడు.

చిట్టెమ్మ పైట సర్దుకుంది. "అది సెప్పకూడదంట," అంది.

పందిరంతా ఘొల్లుమంది. శ్రీరామ్మూర్తి కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. నవ్వులన్నీ ఆగిపోయాక కూడా ఆయన భార్య వైపే చూస్తున్నాడు.

వాళ్ళిద్దరూ ఆగకుండా నడిచారు. ఇంట్లో వంట మొదలుపెట్టాలి. సాయంత్రం గెలిచినా ఓడినా ముప్పై మంది భోజనానికి వస్తారు. పెద్ద వీధి మలుపు తిరిగాక గౌరీశ్వరి ఉండబట్టలేకపోయింది.

"నాకైనా చెప్పక్కా, ఎవరికేశావు?"

"నీకసలు సెప్పను," అంది చిట్టెమ్మ.