వంతు కొట్టే పట్టాముక్క

నేను ఒక రైలు పట్టా ముక్కని. పొడవు మూరెడు, బరువు పాతిక కేజీల పైమాట. ఒక చివర బెజ్జం, ఆ బెజ్జంలో గొలుసు. నన్ను కొట్టడానికి వేరే ఒక జానెడు ఇనప బోల్టు. కొడితే గంటనవుతాను, కొట్టకపోతే తుప్పునవుతాను. గుళ్లో గంట కొట్టినవాళ్లు కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటారు. నన్ను కొట్టినవాళ్లు అరచెయ్యి విదిలించుకుని పోతారు. సరే, దాని రాత అది, నా రాత ఇది.

పుట్టింది ఉక్కు ఫ్యాక్టరీలో. ఎర్రగా కాల్చి, రోలర్ల మధ్య సాగదీసి, పదమూడు మీటర్లుందని కొలిచి మార్కు వేశారు. తాడేపల్లిగూడెం అవతల మెయిను లైన్లో పడుకోబెట్టారు. ఇరవై రెండేళ్లు పడుకునే ఉద్యోగం చేశాను. మెయిళ్లు వెళ్లాయి, గూడ్సులు వెళ్లాయి, మంత్రిగారి స్పెషలు వెళ్లింది. ఒక్కటీ నా దగ్గర ఆగి మంచీచెడ్డా అడగలేదు. ఒక వేసవి మధ్యాహ్నం పట్టాలు తనిఖీ చేసే గ్యాంగ్‌మన్ వచ్చి నన్ను సుత్తితో తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. "గొంతు మారింది" అన్నాడు. మనుషుల్లో కుర్రాడి గొంతు మారితే పెద్దవాడయ్యాడని మురుస్తారు. పట్టాకి మారితే రంపం తెస్తారు.

చీలిక ఉన్న భాగం తుక్కులోకి పోయింది. నిక్షేపంగా ఉన్న ఈ మూరెడు ముక్కని ఒక ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు అడిగి పట్టుకెళ్లాడు. ఆ బడిలో పదకొండేళ్లున్నాను. వరండా దాటి లోపలికి రానివ్వలేదు గాని, ఎక్కాలు పంతొమ్మిదో ఎక్కం దాకా నాకు వచ్చు. పొద్దున్న దెబ్బకి పిల్లలు ఏడ్చేవాళ్లు, సాయంత్రం దెబ్బకి గంతులేసేవాళ్లు. కొట్టిందీ ఒకటే బోల్టు, మోగిందీ ఒకటే నేను. తర్వాత పిల్లలు తగ్గిపోయారని ఆ బడిని ఇంకో బడిలో కలిపేశారు. బీరువా వెళ్లింది, బల్లలు వెళ్లాయి. అక్కడ కరెంటు గంట ఉందని నన్ను మాత్రం వదిలేశారు. అలా నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. ఆర్నెల్లు తిరక్కుండా నేరుగా డిగ్రీ కాలేజీలో చేరాను. ఈ సౌకర్యం మనుషులకి లేదు.

కాలేజీకి నన్ను సైకిలు క్యారియరు మీద మోసుకొచ్చినవాడు అటెండరు సింహాచలం. బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన, స్కోరు రాసే బల్ల దగ్గర, ఒక ఇనప స్తంభానికి నన్ను వేలాడదీశాడు. అక్కడ నా పని చిన్నదే. జట్టులో పన్నెండు మంది అమ్మాయిలుంటే కోర్టులో ఆడేది అయిదుగురు, మిగతా ఏడుగురూ బెంచీ మీద. ఆడుతున్నదాన్ని పిలిచి బెంచీ మీదదాన్ని పంపాలంటే, బంతి ఆగినప్పుడు నేను మోగాలి. నేను మోగందే ఎవరూ గీత దాటకూడదు. అంటే ఏ పిల్ల ఎంతసేపు ఆడాలో నా నోటి మీద ఆధారపడి ఉంటుందన్నమాట. ఈ మాట తల్చుకుని నేను కొంచెం గర్వపడిన రోజులూ లేకపోలేదు.

నా వెనకే సిమెంటు మెట్లు. ఆ మెట్ల మీద కూర్చునే అభిమానులు కాలేజీ విద్యార్థులనుకుంటున్నారేమో, కాదు. విద్యార్థులు ఫోన్లు చూసుకుంటూ క్యాంటీన్లో ఉంటారు. మా జట్టుకి ప్రాణం పెట్టేది గోడ అవతల షెడ్డులో ఉల్లిపాయలు ఏరే ఆడవాళ్లు. మూడింటికి పని దిగి, చీరకొంగులకి అంటుకున్న ఉల్లిపొరలతోనే వచ్చి కూర్చుంటారు. వాళ్లలో కాలేజీలో చదివినది ఒక్కతీ లేదు. జట్టు గురించి మాట్లాడితే మాత్రం "మేం", "మాకు", "మనం నెగ్గాం".

వాళ్లని మొదట తీసుకొచ్చినది నూకరత్నం. ఆవిడ కూతురు సత్యవేణి మా జట్టులో తొమ్మిదో నంబరు, బుట్టలో బంతి వెయ్యడంలో దిట్ట. నూకరత్నం చదివింది నాలుగు. నాకంటే ఒక తరగతి తక్కువ, అయినా నేనెప్పుడూ చులకన చెయ్యలేదు. ఆవిడ పక్కనే అచ్చియమ్మ. వరసకి వదిన, నోరు చూస్తే నాకంటే గట్టిది.

వీళ్లిద్దరికీ రోజూ ఒకటే గొడవ. జట్టుకి ఆట నేర్పే మా పీడీ సులోచన మేడం పద్ధతి ఏమిటంటే, అయిదేసి నిమిషాలకి ఆటలోంచి ఒకరిద్దర్ని లేపి, బెంచీ మీంచి ఒకరిద్దర్ని కోర్టులోకి దింపుతుంది. ఎంత బాగా ఆడుతున్నా సరే, టైమయితే బెంచీ. నూకరత్నానికి ఈ పద్ధతి ప్రాణం. ఎందుకంటే వాళ్ల షెడ్డులోనూ అంతే. సగం రేకుల నీడ, సగం ఎండ. గంటకోసారి ఎండలోవాళ్లు నీడలోకి, నీడలోవాళ్లు ఎండలోకి జరగాలి. దాన్ని వంతు అంటారు. మేస్త్రీ చెల్లెలైనా సరే జరగాల్సిందే.

"మంచి ఊపు మీదున్నదాన్ని లేపేస్తుందేంటే ఈ మేడం? పులుసు తెర్లుతుంటే పొయ్యార్పినట్టు!" అనేది అచ్చియమ్మ.

"వంతొదినా, వంతు. నీడలో కునుకు తీస్తుంటే నిన్ను లేపట్లేదా?"

"నన్ను లేపితే ఉల్లిపాయలు ఓడిపోవు కదే!"

"అందరూ ఆడితేనే జట్టు. అయిదుగురే ఆడితే మిగతా ఏడుగురూ మంచినీళ్ల సీసాలు మొయ్యడానికా?"

"ఆ ఎస్తేరుని చూడు. అది బంతి విసిరితే బుట్టలో పడదు, మా ఇంటి పెంకుల మీద పడుద్ది. దానికోసం మన వేణిని కూర్చోబెట్టాలా?"

ఎస్తేరు పద్నాలుగో నంబరు. పొట్టి పిల్ల. బంతి వెయ్యడం రాదు గాని, అవతలి జట్టులో ఎవరికైనా అంటుకుందంటే జిగురే, వదలదు. నూకరత్నం సొంత కూతుర్ని కూర్చోబెట్టినా సరే ఆ పిల్ల తరఫునే వాదించేది. "నా కూతురైతే ఏంటి? దానికీ ఎండ వంతుంది, నీడ వంతుంది" అని మెట్లన్నీ వినేలా అనేది. మెట్ల మీద సగం మంది ఇటు, సగం మంది అటు. అవతలి కాలేజీ జట్టుని తిట్టడానికి ఎవరికీ తీరిక ఉండేది కాదు. సూత్రాలు చెప్పడం మనుషులకి ఎంత తేలికో నేను చూస్తూనే ఉన్నాను. మోసే రోజు వస్తుందని కూడా నాకు తెలుసు. ఇరవై రెండేళ్లు రైళ్లు మోశాను కదా.

ఆ రోజు అంతర కళాశాలల ఫైనలు. మా కోర్టులోనే. యూనివర్సిటీ జట్టుకి పిల్లల్ని ఏరడానికి ఇద్దరు సెలెక్టర్లు వచ్చి గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. వేణికి అదే ఆఖరి ఏడు. యూనివర్సిటీకి ఆడిన పిల్లకి ఆటల కోటాలో రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం అడిగే దారి దొరుకుతుంది. లేకపోతే జూన్ నుంచి తల్లి పక్కనే గోనెపట్టా పరుచుకుని ఉల్లిపాయలు. ఈ సంగతి మెట్ల మీద అందరికీ తెలుసు. నూకరత్నం ఆ రోజు పొద్దుటినుంచీ మెతుకు ముట్టలేదని అచ్చియమ్మే నలుగురికీ చెప్పింది.

వేణి బాగా ఆడింది. ఇంకా అయిదు నిమిషాల ఆట ఉందనగా మేం ఒక్క పాయింటు వెనక. అప్పుడే అవతలి పిల్ల వదిలేసిన బంతి గీత దాటి వచ్చి సింహాచలం మొహానికి తగిలింది. కళ్లజోడు ఎగిరి మెట్ల కింద ఎక్కడో పడింది. చేతిలో బోల్టు జారిపోయింది. పాపం అతను నాలుగు కాళ్ల మీద పాకుతూ కళ్లజోడు కోసం తడుముకుంటున్నాడు. బంతి ఆగింది. సులోచన మేడం చెయ్యెత్తింది. తొమ్మిది బయటికి, పద్నాలుగు లోపలికి. ఎస్తేరు పరుగున వచ్చి స్కోరు బల్ల దగ్గర నిలబడింది.

"గంట! గంట కొట్టండెవరైనా!" స్కోరు రాసే మేష్టారు అరిచారు.

బోల్టు దొర్లుకుంటూ వెళ్లి ఆగింది నూకరత్నం కాళ్ల దగ్గర.

ఆవిడ వంగి తీసింది. లేచి నా ముందు నిలబడింది. నన్ను కొట్టిన చేతులు ఎన్నో చూశాను గాని, కొట్టే ముందు బోల్టుని కొంగుతో తుడిచిన చెయ్యి చూడలేదు.

"ఏమే రత్నం, వంతేగా? కొట్టు మరి" అంది అచ్చియమ్మ. అందరూ నవ్వారు. తర్వాత ఆవిడే దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "కొట్టకే. ఆ గొడుగుకిందాళ్లు చూస్తున్నారు. పిల్లని ఆడనీ. 'వదినా, నీదే రైటు' అని ఒక్క ముక్క అను, చాలు. మళ్లీ జన్మలో ఎత్తను ఈ మాట."

నూకరత్నం గొడుగు వైపు చూసింది. ఎస్తేరు వైపు చూసింది. ఆ పిల్ల గీత మీద కాలి బొటనవేలు పెట్టి, పెట్టానా లేదా అని కిందకి చూసుకుంటోంది. రిఫరీ బంతి పట్టుకుని విసుగ్గా చూస్తున్నాడు. నాకు దెబ్బలు కొత్త కాదు. దెబ్బ పడకపోవడమే ఆ నిమిషంలో బాధగా అనిపించింది.

కొట్టింది. కొట్టిందంటే తాకించింది. నాలోంచి మూలుగులాంటిది వచ్చింది గాని రిఫరీ తల తిప్పలేదు.

"ఉల్లిపొర తీస్తున్నావేంటే!" అని మెట్ల మీద ఎవరో అన్నారు.

అప్పుడు కోర్టు మధ్యలోంచి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, సత్యవేణి గావుకేక పెట్టింది. "అమ్మా! గట్టిగా కొట్టవే తల్లీ! పిక్క పట్టేసింది, ఇక్కడే కూలబడేలా ఉన్నాను!"

మెట్లన్నీ ఒక్కసారి ఘొల్లుమన్నాయి. సెలెక్టర్లలో ఒకాయనకి తాగుతున్న టీ పొలమారింది. నూకరత్నానికి నవ్వాలో ఏడవాలో తెలియక ఆ కోపమంతా నా మీద చూపించింది. నా జన్మలో తిన్న దెబ్బలన్నిట్లోకీ అదే పెద్దది. స్తంభం ఊగింది. గోడ అవతల రిక్షావాడు బండి ఆపి చూశాడట.

ఎస్తేరు దిగింది. అవతలి జట్టులో పొడుగమ్మాయికి అంటుకుంది. బంతి ఒక్కసారే విసిరింది, అది బోర్డు వెనక్కి పోయింది. కానీ ఆ పొడుగమ్మాయిని మాత్రం ఒక్క బంతి వెయ్యనివ్వలేదు. బెంచీ మీద వేణి పిక్కకి మేడం స్వయంగా మందు రాసింది. సింహాచలానికి కళ్లజోడు దొరికింది, ఒక అద్దం లేకుండా. చివరి రెండు నిమిషాలకి వేణి మళ్లీ దిగి రెండు బుట్టలు వేసింది. మేం మూడు పాయింట్లతో నెగ్గాం.

గొడవ తీరిపోయిందనుకుంటారేమో. మీకు అభిమానులు తెలియదన్నమాట.

"వేణిని లేపకపోతే పది పాయింట్లతో నెగ్గేవాళ్లం" అంది అచ్చియమ్మ.

"లేపకపోతే మంచమ్మీద మోసుకెళ్లేవాళ్లం" అంది నూకరత్నం.

నాలుగు రోజులకి యూనివర్సిటీ జట్టు జాబితా నోటీసు బోర్డుకి అంటించారు. బోర్డు నా స్తంభానికి ఎదురే. నూకరత్నం అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ఆరో పేరు ఎస్తేరుది. పన్నెండోది, అన్నిటికంటే కింద, సత్యవేణిది.

"పన్నెండంటే ఆడేదేనా మేడం?"

"జట్టులో ఉన్నట్టేనమ్మా. కాని చాలా వరకు బెంచీయే. అక్కడ మన పద్ధతి ఉండదు. ఆ కోచ్ ఎవర్ని దింపితే వాళ్లే" అంది సులోచన మేడం. ఆవిడ అబద్ధం చెప్పదు, అదొక్కటే ఆవిడ లోపం.

నూకరత్నం వెళ్లిపోకుండా నా పక్క మెట్టు మీద కూర్చుంది. "ఆ గంట నేను కొట్టకపోతే ఆరోది నా కూతురే అయ్యేదేమో వదినా" అంది.

ఈసారి అచ్చియమ్మ ఎగతాళి చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. "కొట్టకపోతే ఎస్తేరు పేరు అసలు ఉండేది కాదు. ఆ పిల్ల ఎలా ఆడుద్దో వాళ్లకెవరు చెప్తారు? పద, పొద్దుపోయింది" అని చెయ్యి పట్టుకుని లేపింది. ఏడాదంతా ఎస్తేరుని తిట్టిన నోరే అది. మనుషులు ఓడిపోయినప్పుడు కొంచెం అందంగా ఉంటారు. ఎక్కువసేపు ఉండరనుకోండి.

ఆ డిసెంబర్లో కాలేజీకి కరెంటు బజర్ వచ్చింది. ఎర్ర బటన్, నొక్కితే మేకలా అరుస్తుంది. నన్ను దింపి ఆటసామాన్ల గదిలో పెట్టారు. పక్కన గాలిపోయిన బంతులు, చిరిగిన వలలు, కాలు విరిగిన స్టూలు. ఇక్కడ నన్ను ఎవరూ కొట్టరు. మొదట్లో హాయిగా ఉంది, తర్వాత తుప్పు మొదలయింది. ఈ గదికి మెట్లవైపు ఒక కిటికీ ఉండడమే నా అదృష్టం. అరుపులన్నీ వినబడతాయి. వాళ్లు బజర్‌ని తిడుతుంటే మాత్రం చెవులు కోసుకుంటాను.

మొన్న జనవరిలో కోయంబత్తూరులో యూనివర్సిటీల మధ్య ఆటలయ్యాయి. నూకరత్నం జనరల్ బోగీలో వెళ్లి చూసొచ్చింది. వచ్చిన మర్నాడు మూడింటికి మెట్లన్నీ నిండిపోయాయి. అందరూ ఒకేసారి అడుగుతున్నారు.

"ఎస్తేరు ఇరగదీసింది. మూడు ఆటలూ అదే. అక్కడివాళ్లు దాన్ని జలగ అన్నారు" అంది నూకరత్నం.

"అది సరేనే. మన వేణి?" అంది అచ్చియమ్మ.

"మొదటి రెండు ఆటలూ బెంచీ. మూడోదాంట్లో దింపారు."

"ఎంతసేపు?"

నూకరత్నం చెప్పింది వినబడలేదు. అచ్చియమ్మది వినబడింది, ఆవిడది ఎప్పుడూ వినబడుతుంది. "నాలుగు నిమిషాలా! దీనికోసం అంత దూరం రైల్లో నించుని వెళ్లొచ్చావా?"

"నాలుగు కాదొదినా" అంది నూకరత్నం. "నాలుగున్నర."