పండుగనాడు ఆగిన బండి

కామేష్ ఫోన్ చేసేసరికి సోంబారి వాకిట్లో మిరియాలు ఎండబెడుతోంది. అతను ఇంటికి రావడం మానేశాక శీతాకాలం వెళ్లి ఎండలు ముదిరాయి గానీ, ఇన్నాళ్లలో ఆ నెంబరు నుంచి ఒక్క ఫోనూ రాలేదు.

"సోంబీ, బాగున్నావేటే?" గొంతులో బెల్లం కలుపుకొని మాట్లాడాడు.

ఆమె చాప మీద మిరియాలను అరచేత్తో పల్చగా పరుస్తూనే ఉంది.

"బండి ఇన్సూరెన్సు ఈయాల్టితో అయిపోతంది. కడదామంటే ఓటీపీ నీ ఫోనుకే పోతంది. ఆ నెంబరు సెప్పీ, సాలు. బేగి."

నెంబరు అప్పటికే వచ్చింది. తెర మీద కనిపిస్తూనే ఉంది.

"రానేదు," అంది.

"సరిగ్గా సూడవే."

"సూసినాను. రానేదు."

అతను మళ్లీ పంపించాడు. మళ్లీ వచ్చింది. ఆమె మళ్లీ రాలేదనే చెప్పింది. అలా కాసేపు సాగాక అతని గొంతులో బెల్లం కరిగిపోయి అడుగున ఉన్న చేదు తేలింది. "కొండదాన్ని కట్టుకున్నందుకు నన్ను నాను సెప్పుతో కొట్టుకోవాల," అని పెట్టేశాడు.

సోంబారి ఫోను చెంగున కట్టుకుని మిరియాల్లో రాళ్లు ఏరసాగింది.

కామేష్‌ది కింద శృంగవరపుకోట వైపు ఊరు. వేరే వాళ్ల బండికి డ్రైవరుగా అరకు వచ్చి, డుంబ్రిగుడ దగ్గరున్న ఈ ఊళ్లో సోంబారిని చూసి, పెద్దల ముందు పెళ్లాడాడు. గిరిజనులకు రాయితీ మీద బండి ఇస్తారని తెలుసుకొచ్చిందీ అతనే. ఆ రాయితీ అతనికి రాదు, ఆమెకొస్తుంది. అందుకని బండి ఆమె పేరు మీదకొచ్చింది. బ్యాంకు అప్పు, ఇన్సూరెన్సు అన్నీ ఆమె పేరు మీదే. తాళంచెవి మాత్రం అతని జేబులో ఉండేది. ఆమె తోటలో కాఫీ పండిన ఏడు కాఫీ, మిరియం కాసిన ఏడు మిరియం ఆ అప్పులోకే పోయాయి.

ఆ తర్వాత అతనికి ఒక రిసార్టులో గదులు చూసుకునే రమ్య పరిచయమైంది. ఇంటికి రావడం తగ్గి, చివరికి మానేశాడు. సోంబారి డుంబ్రిగుడ సంతలో అతన్ని పట్టుకుని, బండైనా ఇచ్చెయ్యమని అడిగింది. కామేష్ నవ్వాడు.

"నీ పేరు కాయితం మీదుంటే బండి నీదైపోద్దేటే? సంతకానికి పనికొచ్చావు, అంతే. బండి నాది."

చింతపండు అమ్మేవాళ్లు విన్నారు, ఎండుచేపలు కొనేవాళ్లు విన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. ఆ నవ్వు సోంబారికి చెవిలో దూరిన పురుగైంది. పగలు తోటలో పనిచేస్తున్నా లోపల గీరుతూనే ఉండేది. ఏడవలేదు. మిరియం తీగల మధ్య నిచ్చెన మీద నిలబడితే కింద రోడ్డు కనిపిస్తుంది. చాపరాయి జలపాతం చూడ్డానికి వెళ్లే బళ్లన్నీ అటే పోతాయి. తన తెల్లబండి ఎప్పుడు పోతోంది, ఎప్పుడు తిరిగొస్తోంది, ముందు సీట్లో ఎవరున్నారు, అన్నీ చూసి పెట్టుకుంది.

ఓటీపీ ఇవ్వని మర్నాడు ఆమె చాలా ఉత్సాహంగా దైవాధీనం ఇంటికి వెళ్లింది. ఆయన చర్చి పెద్ద, ఇన్సూరెన్సులు కట్టిస్తాడు కూడా.

"మామయ్యా, ఇన్సూరెన్సు లేపోతే ఆడు బండి తిప్పలేడు గదా?"

"ఎందుకు తిప్పలేడు? పట్టుబడేదాకా తిప్పుతాడు," అన్నాడు దైవాధీనం. "సంతోషపడకు తల్లీ. ఆ బండి ఎవుర్నైనా గుద్దేసిందనుకో. ఇన్సూరెన్సు లేనప్పుడు ఆళ్లకి నష్టం కట్టాల్సింది ఓనరు. అంటే నువ్వు. నీ తోట మీదకే వస్తాది."

సోంబారికి అప్పుడు అర్థమైంది. అతనికి తవ్విన గోతి అంచున తానే నిలబడి ఉంది.

"నాను కట్టేత్తే?"

"కట్టొచ్చు. నీకు భయముండదు. ఆడూ దర్జాగా తిరుగుతాడు."

ఆమె గుమ్మంలో కూర్చుండిపోయింది. తన చేత్తో కట్టి, ఆ ఇద్దర్నీ కొండలన్నీ తిప్పాలా? ఆ మాట మింగుడు పడలేదు. కట్టకపోతే రోడ్డు మీద నడిచే ప్రతి మనిషినీ చూసి వణకాలి. ఘాట్ రోడ్డులో అతని తోలకం ఎలాంటిదో ఆమెకు తెలుసు.

"అయితే ఆ బండి కదలకూడదు," అంది లేచి.

"స్టేషన్లో రాయిద్దామా?"

"రాయిద్దాం మామయ్యా. ముందు పండగవనీ."

కొండవాళ్ల వేట పండుగ, ఇటుకల పండుగ వచ్చేసింది. మగవాళ్లు వేటకని కొండెక్కిపోతే ఊరూ రోడ్డూ ఆడవాళ్లవి. రోడ్డుకి అడ్డంగా వెదురుగెడ కట్టి, వచ్చిన ప్రతి బండినీ ఆపి పజోరు అడుగుతారు. పండుగ కానుక అన్నమాట. అది ఇవ్వకుండా ఎంత పెద్ద బండైనా కదలదు.

సోంబారి గెడ పక్కనే, చిన్నమ్మలు అనే తన పిన్ని వెనకాల నిలబడింది. ఎండ నెత్తికెక్కుతుండగా తెల్లబండి వచ్చింది. ముందు రమ్య, వెనక విశాఖపట్నం నుంచి వచ్చిన పర్యాటకులు. కామేష్ అటు చూడకుండానే అద్దంలోంచి నోటు బయటికి చాపాడు.

"నోటొద్దు," అంది సోంబారి ముందుకొచ్చి. "తాళం ఇయ్యి."

కామేష్ ఉలిక్కిపడ్డాడు. వెనక సీట్లోవాళ్లు ఇదీ పండుగలో భాగమే అనుకుని ఫోన్లు పైకెత్తారు.

"తప్పుకోవే. పేసింజర్లున్నారు."

"దిగమను. బండి ఇక్కడితో ఆగిపోద్ది."

అతను తాళం పీకి జేబులో వేసుకుని, తలుపు విసురుగా తోసి దిగాడు. దిగడమే అతని పొరపాటు. చిన్నమ్మలు అతన్ని ఎగాదిగా చూసి నడుం మీద చేతులేసుకుంది.

"అల్లుడా! ఊళ్లో మగోళ్లందరూ వేటకెళ్తే నువ్వూ ఎళ్లినావనుకున్నాను. ఏటి తెచ్చినావు? ఏదీ, సూపించు!"

"పిన్నీ, లేడిని తెచ్చినాడు గదే, ముందు సీట్లో!" అని వెనకనుంచి ఒక పడుచుపిల్ల అరిచింది.

"అది అడివిలో కొట్టింది కాదే, రిసార్టులో దొరికింది. లెక్కలోకి రాదు!" అంది చిన్నమ్మలు.

నవ్వులు గుప్పుమన్నాయి. రమ్య అద్దం పైకెత్తేసింది. వేట లేకుండా వట్టి చేతులతో వచ్చిన మగవాడి మీద పేడనీళ్లు పోయడం ఆ పండుగ రివాజు. కుండ సిద్ధంగా ఉంది. ఇస్త్రీ చొక్కా మీద మొదటి చెంబు సోంబారే పోసింది. మెల్లగా, మెడ దగ్గర్నుంచి కిందికి, తొందర లేకుండా పోసింది. మిగతాది చిన్నమ్మలు నెత్తిన కుమ్మరించింది. పర్యాటకులు చప్పట్లు కొట్టారు.

కామేష్ బండి వైపు తిరిగాడు. అప్పటికే ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని థింసా నాట్యపు గొలుసు కట్టేశారు. పాట ఎత్తుకున్నారు. అడుగు ముందుకీ వెనక్కీ వేస్తూ ఆ గొలుసు అతనికీ బండికీ మధ్య బిగుసుకుంది. ఎటు దూరబోయినా భుజాలే తగిలాయి.

"తాళం కావాలా? ఎతుక్కో పో!" అని అరిచి అతను తాళంచెవి తీసి రోడ్డు పక్కనున్న లోయలోకి విసిరేశాడు. తుప్పల్లో పడిన చప్పుడు కూడా వినబడలేదు.

పాట ఆగింది. సోంబారి లోయ వైపు చూడనైనా లేదు. గొలుసులోంచి బయటికొచ్చి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, గాలి మూత తిప్పి, పుల్లతో నొక్కింది. గాలి బుస్సుమంది. ఒక చక్రం అయ్యాక ఇంకో చక్రం దగ్గరికి జరిగింది.

"ఒసే! రిమ్ములు ఒంగిపోతాయే! టైర్లు పోతాయే!" కామేష్ ఆడవాళ్ల భుజాల మీదుగా గొంతు చించుకున్నాడు. "పిచ్చెక్కిందేటే? నీ బండే గదే! నీ బండిని నువ్వే పాడు సేసుకుంతావా?"

సోంబారి పుల్ల తీసింది. లేచి నిలబడింది.

"ఎవురి బండి?"

తన నోటితో తానే ఏమన్నాడో అన్నాక తెలిసింది అతనికి. గెడ అవతల ఆగిన బళ్లలోంచి జనం దిగి చూస్తున్నారు. వాళ్లలో డుంబ్రిగుడ సంతకి సరుకు తెచ్చే వర్తకులూ ఉన్నారు.

"సెప్పు మరి. సంతలో పెద్దగానే సెప్పినావు గదా."

"నీదే," అన్నాడు నేల చూస్తూ. గడ్డం మీంచి పేడనీళ్లు కారుతున్నాయి.

"ఇనపడనేదు."

"నీదేనే! బండి నీదే!"

సోంబారి తలూపి, మిగిలిన చక్రాల గాలి కూడా తీసేసింది.

పర్యాటకులు డబ్బు తిరిగిమ్మని కాసేపు గొడవపడి, వెనకొచ్చిన జీపులో ఎక్కేశారు. వాళ్లతోపాటు రమ్య కూడా ఎక్కింది. కామేష్ పిలిస్తే ముక్కు మీద చున్నీ కప్పుకుని అటు తిరిగి కూర్చుంది. గాలి లేని బండిని ఆడవాళ్లంతా కలిసి కష్టం మీద పక్కకి నెట్టి, చక్రాల కింద బండరాళ్లు పెట్టారు.

ఇంతలో అరకు బస్సొచ్చింది. కండక్టరు నవ్వుతూ పజోరు ఇచ్చాడు. గెడ లేచింది. కామేష్ పరుగున వెళ్లి మెట్టు మీద కాలు పెట్టబోయాడు.

"ఒద్దు బాబూ, ఒద్దు!" కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "కడుక్కొని తర్వాత బస్సుకి రా."

బస్సు కదిలిపోయింది. రోడ్డు మధ్య చెయ్యెత్తి అలాగే నిలబడిపోయిన కామేష్‌ని చూసి సోంబారికి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. కడుపు పట్టుకుని, కళ్ల నీళ్లు కారేదాకా, బండికి జారబడి నవ్వింది.