ఆరుని అరతో భాగిస్తే

ఈయన ఇడ్లీ ఎందుకు పెట్టించాడు, ఊరికే పెట్టించే మనిషి కాదే మా బీఈడీ కాలేజీ లెక్కల మాస్టారు అనంతరామయ్య, అని ట్రైనింగు పాఠం చెప్పడానికి వచ్చిన వట్లూరు హైస్కూల్లో ఏడో తరగతి బోర్డు మీద భిన్నాల భాగహారం అని రాస్తూనే అభిరామ్ అనుమానపడ్డాడు, బీఈడీ మానేసి ఇవాళ సాయంత్రమే కాలేజీకి వెళ్లి సర్టిఫికెట్లు వెనక్కి తీసుకుంటానని ఒక్క దేవరాజుకే చెప్పాడు తను, ఆ దేవరాజు ముందే మానేసి చేపల చెరువుల దగ్గర ఆక్వా ల్యాబులో చేరినవాడు, సోమవారం వచ్చెయ్యరా నీకూ ఉద్యోగముంది అన్నవాడు, వాడే ఈయన చెవిన వేశాడా, లేకపోతే పొద్దున్నే ఏలూరు బస్టాండులో ఎదురుపడి ఏమయ్యా, టిఫిన్ చేశావా అని అంత మెత్తగా అడగడమేమిటి, లెక్కల వాళ్లలో సగం మంది జారిపోయారు, మిగిలినవాళ్లూ పోతే సెక్షనే ఎత్తేస్తారట, అదీ సంగతి, ఆ ఇడ్లీ నా మీద ప్రేమతో కాదు, తన కుర్చీ కోసం.

ఆరుని అరతో భాగిస్తే ఎంత, అనగానే చేతులన్నీ లేచాయి, లేవవూ మరి, మాస్టారు పరిశీలనకి వచ్చే ముందురోజే పిల్లలకి జవాబులు నేర్పి, తెలిసినవాళ్లు కుడిచెయ్యి ఎత్తండి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి ఎత్తండి, వాళ్లని లేపను, అని చెప్పుకోవడం ట్రైనీలందరూ చేసేదే, పన్నెండండీ అని ఒక కుడిచెయ్యి అరిచింది, వెనక బెంచీలో మాస్టారు రాయడం ఆపి చెయ్యి ఎత్తారు, ఎడమచెయ్యి, అంటే ఈ కిటుకూ తెలుసన్నమాట, నాకర్థం కాలేదండీ, భాగిస్తే తగ్గాలి కదండీ, పెరిగిందేంటండీ అన్నారు, పిల్లలు కిసుక్కున నవ్వారు, అభిరామ్‌కి ఒళ్లు మండిపోయింది, పోయేవాణ్ని పరువు తీసి మరీ పంపుతున్నాడు, ఎందుకు పెరిగిందో నాకు మాత్రం ఎవరు చెప్పారు, తలకిందులు చేసి గుణించమన్నారు, గుణించాను, డిగ్రీ దాకా గుణిస్తూనే ఉన్నాను.

ఆయన పక్కన, ఎత్తిన ఎడమచెయ్యి దించకుండానే ఇంకొకరు లేచారు, మనోజ్ఞ, ఇన్నాళ్లూ నోరు విప్పని పిల్ల, నాకూ అదేనండీ అంది, దీనికీ ఇడ్లీ పెట్టించాడా ఏం, కానీ ఆ కళ్లలో నాటకం లేదు, బెదురుంది, ఏడో తరగతిలో నేను దాచుకున్న బెదురే అది, చూడమ్మా, మీ ఊళ్లో ఆరెకరాల చెరువుంది, దాన్ని గట్లు వేసి అరెకరం చెరువులు చేస్తే, అని బొమ్మ మొదలుపెట్టాడో లేదో బెల్లు కొట్టేశారు, ఇంత తొందరగానా, ఇదీ ఈయన పనేనా, రేపు చెబుతారాండీ అంది మనోజ్ఞ, చెబుతానమ్మా అన్నాడు, అన్నాక గాని ఏమన్నాడో తెలియలేదు, మాస్టారు ఏమీ ఎరగనట్టు బయటికి నడిచారు, ఇడ్లీ ఎందుకు పెట్టించారో, బెల్లు ఎవరు కొట్టించారో తరవాత తేల్చుకోవచ్చు, ఆ పిల్ల సందేహం మాత్రం నిజం, రేపు తను ఇక్కడ ఉండాలి.