లార్చ్ కనుమ మీద దూరం

మొదలుపెట్టిన రోజున టోబిన్ దగ్గర మూడు వందల పన్నెండు డాలర్లూ, వాళ్ళమ్మను అడిగి తెచ్చుకున్న కుట్టుమిషనూ ఉన్నాయి. ధాన్యం గోదాములో ఉద్యోగం మానేసి, సైకిలు వెనక చక్రానికి రెండు పక్కలా తగిలించుకునే సంచులు కుట్టడం మొదలుపెట్టాడు. పద్నాలుగు నెలల్లో అరవై ఒక్క జతలు అమ్మాడు. ఇప్పుడు కార్వర్ ఫోర్క్‌లో సైకిళ్ళ దుకాణం నడిపే ఓడెట్ ఆ సంచులు చూస్తానంది. నచ్చితే ఏటా రెండు వందల జతలు తీసుకుంటుంది.

"మంగళవారం సాయంత్రం అయిదింటి దాకా చూస్తాను. ఆ తర్వాత తాళం వేసి మా అక్క వాళ్ళ ఊరు పోతాను. నువ్వు రాకపోతే వెళ్ళేముందు ఆ ఆర్డరు ఇంకొకరికి ఇచ్చేస్తాను," అని ఫోనులో ముందే చెప్పింది. ఆర్డరు రాకపోతే ఈ చలికాలం గడవదు. మళ్ళీ గోదామే.

కొత్త సంచుల్ని కారులో వేసుకెళ్ళి చూపిస్తే వాటి గట్టితనం ఎవరికి తెలుస్తుంది? నాలుగు వందల మైళ్ళు తొక్కి, వానకు తడిసి బురద పట్టిన సంచుల్నే చూపించాలనుకున్నాడు టోబిన్. తోడుగా ఆన్‌సెల్ మామయ్య బయల్దేరాడు. టోబిన్ వాళ్ళమ్మకు అన్న. అరవై నాలుగేళ్ళు, ఎడమ మోకాలు మాట వినదు, సామానులో ఒక ఇనప పెనం. టోబిన్ కుట్టిన మొదటి జత కొన్నది ఆయనే. దాని కుట్టు వంకర. మార్చి ఇస్తానంటే ఒప్పుకోలేదు, ఇప్పటికీ దాన్నే తగిలించుకుని తిరుగుతాడు.

ఆ మంగళవారం, కార్వర్ ఫోర్క్‌కు ఇవతల లార్చ్ కనుమ కింద, రోజూలాగే తెల్లారింది. ఎలుగుబంట్లకు అందకుండా కొమ్మకు వేలాడగట్టిన తిండి మూటను టోబిన్ తాడు వదిలి దించాడు. మంచుకు తడిసిన టెంటును ఎండలో ఆరబెట్టి, మడిచి, తన సైకిలుకు కట్టుకున్నాడు. అప్పటికి పది దాటింది. మామయ్య ఇంకా పిండి కలుపుతూనే ఉన్నాడు.

"ఎన్ని మైళ్ళురా ఇవాళ?"

"ఎక్కడం పన్నెండు, దిగడం ముప్ఫై ఒకటి. నువ్వు ఇప్పుడు బయల్దేరితే..."

"నేను ఇప్పుడు అట్లు తింటాను."

"ఇంకో నలభై నిమిషాలు పోతాయి మామయ్యా."

"పోతే ఎక్కడికి పోతాయి, ఈ కొండల్లోనే తిరుగుతుంటాయి. నువ్వు పద. నాకోసం చూడకు."

టోబిన్ బయల్దేరాడు. ఒకటిన్నర మైళ్ళు ఎక్కేసరికి పైనుంచి దిగుతున్న ఒకావిడ ఎదురై, బ్రేకు పట్టి ఆగింది. పేరు రోవెనా. మెడకు ఎర్ర రుమాలు, చేతులు మోచేతుల దాకా ఎండకు కమిలి ఉన్నాయి.

ఎక్కేవాడు ఎదురైతే దిగేవాడు "ఇంకెంతో లేదు, ఆ మలుపు తిరిగితే వచ్చేసినట్టే" అనడం అన్ని కొండల మీదా ఉన్న మర్యాద. అన్ని కొండల మీదా అది అబద్ధమే. లార్చ్ కనుమ మీద మాత్రం అది నిజమవుతుంది. పైదాకా వెళ్ళి దిగుతున్నవాడు ఎదురుపడి ఎంత దూరం ఉందని చెబితే, విన్నవాడికి అంతే దూరం మిగులుతుంది. విననివాడు పక్కనే తొక్కుతున్నా వాడికి మామూలు దూరమే. దిగడానికి మాత్రం ఎవరికైనా పన్నెండు మైళ్ళూ పన్నెండే. అందుకే ఆ రోడ్డు మీద ఎంత వేగంగా దిగేవాళ్ళైనా ఆగుతారు. మరీ తగ్గించేస్తే కొండ ఎక్కినట్టుండదని చాలామంది సగానికి సగం చెబుతారు.

"ఎంత చెప్పమంటావు తమ్ముడూ?" అంది రోవెనా.

"మీ ఇష్టం అక్కా. అయిదింటికి కార్వర్ ఫోర్క్‌లో పనుంది."

"అయితే మూడు మైళ్ళు."

"కింద మా మామయ్య ఉన్నాడు. ఆయనకూ కాస్త..."

"చెప్తాలే, అది నాకు చెప్పాలా?"

మూడు మైళ్ళు తొక్కి పదకొండున్నరకు కనుమ పైకి చేరాడు టోబిన్. చెట్లు కిందే ఆగిపోయాయి, పైనంతా బోడి రాయి. మామయ్యకు కూడా మూడే అయితే ఒంటిగంట లోపు రావాలి. ఒంటిగంటయింది. మామయ్య జాడ లేదు. ఆయనకు దూరం చెప్పడానికి అవతలి వైపు నుంచి ఒక్క సైకిలూ రాలేదు.

ఒంటిగంటా పావుకు అంచున నిలబడి కిందికి చూశాడు. మెలికలు తిరిగిన రోడ్డు మీద, చాలా కింద, మామయ్య సైకిలుకు కట్టిన నారింజ రంగు జెండా కదిలీ కదలనట్టుంది. మలుపులు లెక్కపెట్టాడు. ఎనిమిది మైళ్ళ పైమాటే. మామయ్య గంటకు రెండు మైళ్ళు ఎక్కుతాడు. అంటే నాలుగ్గంటలు. పడమట మబ్బు నల్లబడుతోంది. ఈ కాలంలో మూడు దాటితే ఆ బోడి రాయి మీద పిడుగులు పడతాయి. టెంటేమో తన దగ్గరుంది.

ఇప్పుడే అటువైపు దిగిపోతే నాలుగింటికల్లా ఓడెట్ ముందు ఉంటాడు. ఇటు దిగితే ఇరవై అయిదు నిమిషాలు, మళ్ళీ ఎక్కడానికి రెండు గంటలు, అక్కణ్ణుంచి ఊరికి రెండున్నర. ఎటునుంచి కూడినా ఆరూ పది వచ్చింది. తనకు దూరం తగ్గించి చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. సంచులు మామయ్యకిచ్చి పంపితే? ఆయన రెండు వందల జతలూ ఊరికే ఇచ్చేసి, పైగా ఓడెట్‌కు భోజనం కూడా పెట్టి వస్తాడు.

టోబిన్ ఇంకోసారి కూడలేదు. సైకిలు వచ్చిన దారికే తిప్పాడు.

మామయ్య రోడ్డు పక్కన మోకాలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"దూరం చెప్పలేదా ఆవిడ?"

"ఎవరు, రోవెనానా? మంచి పిల్లరా. నాలుగు అట్లు తింది. దాని టైర్లు రెండంగుళాలవి, నావి అంగుళం ముప్పావు. ఏవి మంచివని మాట వచ్చింది. ఇక టైర్ల మాట మొదలయ్యాక ఎవరికి ఏం గుర్తుంటుంది? తను చెప్పలేదు, నేను అడగలేదు. ఇంతదూరం ఎక్కాక తట్టింది." అంతలో మామయ్య చేతి గడియారం చూసుకుని ముఖం మార్చాడు. "అవును, నువ్వెందుకు దిగావురా? ఓడెట్‌కు ఏం చెప్తావు?"

"వచ్చే ఏడు చూపిస్తానంటాను. తనకూ అదే మంచిదని చెప్తాను."

"నీకు అబద్ధం చెప్పడం చేతకాదురా అల్లుడూ."

"ఎందుకు చేతకాదు?" అన్నాడు టోబిన్. "ఇంకా అర మైలే ఉంది మామయ్యా."

విన్న మాటను విననట్టు చేసుకోవడం కుదరదు. మామయ్య లేచి సైకిలెక్కాడు. ఇద్దరూ పక్కపక్కనే తొక్కారు. రెండో మలుపు దగ్గర మామయ్య ముందుగా తిరిగాడు. టోబిన్ తిరిగేసరికి అక్కడ ఎవరూ లేరు. తన ముందు మాత్రం రోడ్డు మొత్తం అలాగే ఉంది.

తొక్కుతూ పోయాడు. అటువైపు దిగి మామయ్య ఈపాటికి చెట్ల నీడకు చేరుంటాడని అనుకున్నాడు. ఆ మాట అనుకున్నప్పుడల్లా కాళ్ళ బరువు కొంచెం తగ్గింది. గోదాములో పాత మేస్త్రీకి రేపు ఫోను చెయ్యాలి. రెండు మైళ్ళు గడిచాయి.

రెండుంబావు కావస్తుండగా పైనుంచి బ్రేకుల కీచుమనే చప్పుడు. జెండా రెపరెపలాడించుకుంటూ మామయ్య దిగివచ్చాడు.

"నువ్వెందుకు దిగావు?" అన్నాడు టోబిన్.

"పైన చలిరా. ఆ టెంటు ఇటు పడెయ్."

"ఎందుకు?"

"అదిగో, ఆ వాగు పక్కన వేసుకుంటాను. చెట్లున్నాయి, పిడుగుల భయం లేదు. నువ్వు ఊళ్ళోకి పో. రేపు అటునుంచి ఎక్కి ఇటు దిగి, నాకు దూరం చెప్పు. ముప్ఫై ఒక్క మైళ్ళు ఎక్కుడు. ఎంతసేపు పడుతుందో లెక్కేసుకో."

"ఏడు గంటలు."

"అయితే నేను మధ్యాహ్నం దాకా పడుకుంటాను."

"మోకాలు ఎలా ఉంది?"

"దిగేటప్పుడు దానికేం బాధ లేదు. ఎక్కడమే దానికి నచ్చదు."

టోబిన్ టెంటు విప్పి ఇచ్చాడు. దానితోపాటు తన ఉన్ని కోటు కూడా ఇచ్చాడు. మామయ్య కోటు తీసుకుని వెంటనే తొడుక్కున్నాడు. భుజాల దగ్గర బిగుతైంది.

"సరే," అన్నాడు టోబిన్. "ఎంత ఉంది?"

మామయ్య పైకి చూశాడు. వెనక్కి చూశాడు. లెక్కల్లో ఆయన ఎప్పుడూ దిట్ట కాదు. మైళ్ళలో ఆలోచించాడు, అడుగుల్లో ఆలోచించాడు, రెండూ ఆయనకు ఎక్కువే అనిపించాయి. చివరికి వంగి టోబిన్ చక్రాన్ని ఒకసారి నొక్కి గాలి చూశాడు.

"ఒక్కసారి తొక్కితే చాలు," అన్నాడు.

టోబిన్ మనసులో కూడాడు. ఇప్పుడు రెండుంబావు, ఊరికి రెండున్నర గంటలు. అయిదుకు ఇంకా పదిహేను నిమిషాలు మిగులుతాయి. మామయ్య భుజం తట్టి, కుడికాలు పెడలు మీద పెట్టాడు.